బంగారు దూడ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగారు దూడ గారికి,

ఇశ్రాయేలీయులు దేవుడని మొక్కిన మిమ్మల్ని వాళ్ల నాయకుడు మోషే కాల్చి, పొడి చేసి, నీళ్లలో కలిపి జనం చేత తాగించాడని బైబిల్లో నిర్గమకాండము 32వ అధ్యాయంలో ఉంది. దాంతో మీ కథ ముగిసిందనుకున్నవాళ్లు అమాయకులు. తాగింది ఎక్కడికి పోతుంది? ఒంటికి పట్టింది.

మీ పుట్టుకే ఓ వింత. జనం చెవిపోగులు తెప్పించి, పోత పోసి, పోగరతో రూపం దిద్దినవాడు అహరోను. తనకంటే మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు మోషే వచ్చి నిలదీస్తే, బంగారం నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నాడు! తప్పించుకునే జవాబుల్లో దీన్ని కొట్టింది నేనింతవరకు వినలేదు.

అయితే మీ అసలు తెలివి వేరే చోట ఉంది. మీరు వేరే దేవుడి పేరు పెట్టుకుని రాలేదు. మీ ముందు బలిపీఠం కట్టి అహరోను చాటించింది "రేపు యెహోవాకు పండుగ" అనే. పేరు ఆయనది, సైజు మాది. సీనాయి కొండ మీద ఉరుములు, మెరుపులు, పొగ, బూర శబ్దం. జనం వణికిపోయి దూరంగా నిలబడ్డారు. దేవుడు మాతో మాట్లాడితే చచ్చిపోతాం, నువ్వే మాట్లాడవయ్యా అని మోషేని బతిమాలుకున్నారు. అలాంటి దేవుడంటే టెన్షన్ కదండీ! మీరైతే పల్లెత్తు మాట అనరు. మీ ఎదుటే తిని, తాగి, ఆడుకోవచ్చు.

తర్వాత ఇశ్రాయేలు రాజు యరొబాము మీకు రెండు బ్రాంచీలు తెరిచాడు, ఒకటి బేతేలులో, ఒకటి దానులో. యెరూషలేము గుడి దాకా వెళ్లడం వాళ్లకు కష్టమని ప్రజల మీద జాలి చూపించాడు. అక్కడికి వెళ్తే జనం అక్కడి రాజు రెహబాము వైపు తిరిగిపోతారన్న తన భయం సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు.

మాకిప్పుడు బంగారం ఖర్చు కూడా లేదు. మనసులోనే పోత పోసుకుంటున్నాం. మా కోపమే ఆయన కోపం, మాకు గిట్టనివాళ్లు ఆయనకూ గిట్టరు. ప్రార్థనంటే సగం ఆయనకు సలహాలే. "సర్వోన్నతుడా" అని పాడుతుంటే నోరు ఆయన్ని పొగుడుతుంది, బొటనవేలు ఫోన్ మీద పైకీ కిందికీ తిరుగుతుంది. పాటయ్యాక వర్షిప్ బాగా కుదిరిందని పాడినవాళ్లకు మార్కులు వేసి ఇంటికి పోతాం. దేవుడికి బలిగా తెచ్చే గుడ్డి, కుంటి పశువుల్ని మీ అధికారికిచ్చి చూడండి, ఒప్పుకుంటాడేమో అని మలాకీ ప్రవక్త అడిగాడు గానీ, మా బాస్ ఎదురుగా ఉంటే మేం ఫోన్ జేబులోంచి తీయనే తీయం.

అక్కడ దేవుడి సింహాసనం దగ్గర యెషయా ప్రవక్తకు కనబడిన సెరాపులనే దూతలకు ఆరేసి రెక్కలు. రెండింటితో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకుని, మిగిలిన రెండింటితో ఎగురుతున్నారు. లెక్క చూడండి: ఆరింటిలో నాలుగు కప్పుకోవడానికే! ఏ మచ్చా లేనివాళ్ల సంగతే అది. చూసిన యెషయా అయ్యో, నశించాను అన్నాడు. తన కష్టాల గురించి అంతసేపు వాదించిన యోబు, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావన్న దేవుడి ప్రశ్న విన్నాక నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. ఇలాంటి ఇబ్బందులు మీ దగ్గర ఉండవు.

ఒక్కటే సందేహం. ముసలితనం దాకా, తల నెరిసేదాకా మిమ్మల్ని ఎత్తుకుంటాను, నేనే మోస్తాను అని ఆయన తన ప్రజలకు యెషయా గ్రంథం 46వ అధ్యాయంలో మాటిచ్చాడు. మిమ్మల్ని జరపాలంటేనే నలుగురు కావాలి. మీ తరఫున అలాంటి ఆఫరేమైనా ఉంటే త్వరగా తెలపగలరు. నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

ఇట్లు,
మీ పాత భక్తుడు