ఆర్కిడ్ చిట్కాల చిట్టా: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

ఆర్కిడ్ కుండీ కొత్తగా ఇంట్లోకి వచ్చిందని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు ఫోనుకు ఒక చిట్కాల చిట్టా పంపిస్తారు. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒకటే. వారానికి మూడు ఐసు ముక్కలు వేస్తే చాలు. ఎండ తగలని మూల పెట్టాలి. రోజూ ఆకుల మీద నీళ్లు చిలకరించాలి. కుండీ దాటి బయటికొచ్చిన వేర్లను కత్తిరించి మంచి మట్టి నింపాలి. అరటి తొక్క నానబెట్టిన నీళ్లు పోస్తే పూలు విరగబూస్తాయి. పడకగదిలో ఉంచితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది. పూలు రాలిపోయాయంటే మొక్క ఆయువు తీరినట్టే, పారేయవచ్చు.

వీటిలో పచ్చి అబద్ధాలు తక్కువే. సగం నిజాలు ఎక్కువ, కొత్తవాళ్ల మొక్కలను చంపేవి కూడా అవే.

ముందుగా ఒక సంగతి. ఆర్కిడ్లలో సుమారు 28,000 జాతులున్నాయి. చిట్టా మాత్రం ఏ జాతి గురించి మాట్లాడుతోందో చెప్పదు. మొదటిసారి పెంచేవారి చేతికి ఎక్కువగా వచ్చేది ఫలెనాప్సిస్. వెడల్పాటి దళసరి ఆకులు, వంగిన కాడ, దానికి వరుసగా పూలు ఉంటాయి. అందుకే చిట్టాకు ఈ సమాధానం దాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అడవిలో ఫలెనాప్సిస్ సాధారణంగా చెట్ల మానులను, కొమ్మలను వేర్లతో పట్టుకుని బతుకుతుంది. బదనికలా ఆ చెట్టు రసం పీల్చదు, ఉండడానికి చోటు మాత్రమే తీసుకుంటుంది. వాన కురిస్తే నిండా తడుస్తుంది, వెలిశాక గాలికి ఆరిపోతుంది. చెట్టు మీద బతికే ఈ మొక్కను నేల మొక్కగా లెక్కగట్టడం దగ్గరే చిట్టా దారి తప్పింది.

“వారానికి మూడు ఐసు ముక్కలు చాలు”

ఈ సలహాను సమర్థించేవాళ్లు ఎంతమందో, ఐసు వేస్తే వేర్లు చచ్చిపోతాయని తిట్టేవాళ్లూ అంతమంది. ఇద్దరి వాదనా కొంత పక్కకు పోయింది. అమెరికాలోని ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని నిజంగానే పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. బెరడు ముక్కల్లో నాటిన ఫలెనాప్సిస్ మొక్కల్లో కొన్నిటికి వారానికి మూడు ఐసు ముక్కలు, మిగతావాటికి అంతే పరిమాణంలో మామూలు నీళ్లు ఇచ్చారు. పూలు నిలిచిన కాలంలో తేడా కనిపించలేదు. కుండీలోని ఉష్ణోగ్రత వేర్లను దెబ్బతీసేంతగా దిగలేదు. అంటే ఐసు విషమన్న భయానికి ఆధారం లేదు.

కానీ ఆ పరీక్ష దేన్ని తేల్చిందో జాగ్రత్తగా చూడాలి. పూలతో ఉన్న మొక్కకు, బెరడు ముక్కల్లో, ఐసు రూపంలో నీళ్లిచ్చినా ఫర్వాలేదని మాత్రమే తేల్చింది. ప్రతి ఇంట్లో, ప్రతి కుండీకి, ఏ కాలంలోనైనా మూడే ముక్కలు సరిపోతాయని చెప్పలేదు. ఒకరి ఫ్రీజర్‌లోని ఐసు ముక్క మరొకరి ముక్కకు రెండింతలు ఉండవచ్చు. వేడిగా, పొడిగా ఉండే గదిలో పెద్ద కుండీకి ఆ కాసిన్ని నీళ్లు ఒక పక్క వేర్లను తడిపి ఆగిపోతాయి. చల్లటి గదిలో, నీటిని పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచు గట్టిగా కూరిన కుండీలో అవే నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లవచ్చు. పైగా కొద్దికొద్దిగా కరిగే నీళ్లు కుండీ అడుగు నుంచి అంతగా బయటికి రాకపోతే ఎరువుల ఉప్పు లోపలే పేరుకుపోవచ్చు.

ఎప్పుడు నీళ్లు పోయాలో వేర్లే చెబుతాయి, చూడడం తెలిస్తే చాలు. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలమెన్ అనే పొర ఉంటుంది. లోపల ఖాళీగా ఉన్న మృతకణాలతో ఏర్పడిన ఈ పొర అద్దుడు కాగితంలా నీటిని క్షణాల్లో పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో, బూడిద రంగులో కనిపిస్తుంది. తడిస్తే పారదర్శకంగా మారి లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీల్లో ఈ మొక్కలను అమ్మడం వల్ల మనకు కలిగే మేలు ఇదే. కుండీ గోడకు ఆనుకున్న వేర్లు వెండి రంగుకు తిరిగి, కుండీ చేతికి తేలిగ్గా తగిలితే నీళ్లు పోసే వేళ అయింది. పచ్చగా ఉంటే, క్యాలెండర్ ఏం చెప్పినా ఆగండి. పోసేటప్పుడు మాత్రం ధారాళంగా, అడుగు చిల్లుల నుంచి కారేదాకా పోసి, నీళ్లు పూర్తిగా కారిపోయాకే అలంకరణ కుండీలో తిరిగి పెట్టండి. ఆ పైకుండీ అడుగున నిలిచే నీళ్లు చంపినన్ని ఆర్కిడ్లను ఐసు చంపి ఉండదని నా గట్టి నమ్మకం.

“ఎండ తగలని మూల పెట్టాలి”

మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే ఆకులు కాలి, తెల్లటి మచ్చలు పడి, తరవాత నల్లబడతాయి. అంతవరకు నిజం. అక్కడి నుంచి ఒక్క గంతులో “మూల”కు చేరడమే తప్పు. మన కన్ను ఎంత తక్కువ వెలుతురుకైనా సర్దుకుపోతుంది, అందుకే గది లోపలి మూల మనకు వెలుతురుగానే తోస్తుంది. ఫలెనాప్సిస్ బాగా పెరగడానికి దాదాపు పదివేల లక్స్ (వెలుతురు కొలమానం) కావాలి. కిటికీకి దూరంగా ఉన్న మూలలో కొన్ని వందలు కూడా దాటకపోవచ్చు. ఉదయపు లేత ఎండ పడే కిటికీ పక్కన, లేదా పలచటి తెర వెనక పెట్టడం మేలు. ఆకు రంగును గమనిస్తే ఇంకేమీ కొలవనక్కర్లేదు. ముదురాకుపచ్చగా, సాగినట్టుగా ఉంటే వెలుతురు చాలడం లేదు. గడ్డి రంగులో, బిరుసుగా ఉంటే సరిపోయింది. అంచులు ఎరుపు తిరుగుతుంటే ఇక చాలని అర్థం.

మూలలో ఉన్న మొక్క వెంటనే చావదు. అదే చిక్కు. ఏళ్ల తరబడి ఆకులు వేస్తూ పూయకుండా ఉంటుంది. పూయకపోవడానికి రెండో కారణం వేడి. పగలు నిరంతరం 28 డిగ్రీల పైన ఉండే చోట పూలకాడ రావడం కష్టం. కొన్ని వారాల పాటు అంతకన్నా చల్లగా, 25 డిగ్రీలకు లోపు ఉంటే కాడ మొదలవుతుంది. రాత్రి చలి తగిలితే చాలని చాలామంది చెబుతారు గానీ, 2006లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం పూతను నిర్ణయించేది పగటి ఉష్ణోగ్రత.

“రోజూ ఆకుల మీద నీళ్లు చిలకరించాలి”

చిట్టాలోకెల్లా నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. ఎందుకంటే శ్రద్ధగా పాటించేవారికే ఎక్కువ నష్టం. చెట్టు మీద ఫలెనాప్సిస్ పక్కకు వాలి, ఆకులు కిందికి వేలాడుతూ పెరుగుతుంది. వాన నీళ్లు జారిపోతాయి. కుండీలో దాన్ని నిటారుగా నిలబెడతాం కాబట్టి చిలకరించిన నీళ్లు ఆకుల నడుమ మొవ్వులోకి దిగి నిలిచిపోతాయి. మొవ్వు కుళ్లితే అక్కడి నుంచి ఇక కొత్త ఆకు రాదు. ఈ మొక్కకు ఎదుగుదల బిందువు ఒక్కటే. అదృష్టముంటే మొక్క మొదలు దగ్గర పిలక పుడుతుంది, లేకపోతే అంతే. పొరపాటున నీళ్లు పడితే మెత్తటి కాగితంతో అద్దేయండి.

గాలిలో తేమ పెరుగుతుందన్న వాదన కూడా నిలవదు. చిలకరించిన తేమ నిమిషాల్లో ఆవిరైపోతుంది. తేమ నిజంగా కావాలంటే నాలుగు మొక్కలను దగ్గరగా ఉంచండి, గది మరీ పొడిగా ఉంటే తేమ యంత్రం పెట్టుకోండి. గాలి ఆడనివ్వడం అంతకన్నా ముఖ్యం. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇంగ్లండులో ఉష్ణమండల ఆర్కిడ్లను మూసేసిన వేడి గాజు గదుల్లో ఆవిరి పట్టి పెంచబోయి కుప్పలుగా పోగొట్టుకున్నారు. 1830లలో చాట్స్‌వర్త్ తోటల్లో ప్రధాన తోటమాలి జోసెఫ్ పాక్స్టన్ గాలి ఆడనిచ్చి, జాతిని బట్టి వేడి తగ్గించాక అవి నిలదొక్కుకోవడం మొదలైంది.

“బయటి వేర్లు కత్తిరించి మట్టి నింపాలి”

రెండూ చేయకండి. కుండీ దాటి గాలిలోకి చాచిన వేర్లు ఈ మొక్క సహజ స్వభావం. అవి గాలిలోని తేమను అందుకుంటాయి, వాటిలో పత్రహరితం ఉంటుంది. కత్తిరించాల్సినవి నొక్కితే మెత్తగా చితికేవి, డొల్లగా ఉన్నవి మాత్రమే. అవి కూడా కుండీ మార్చేటప్పుడు, శుభ్రం చేసిన కత్తెరతో తీయాలి.

ఇక తోట మట్టి. అందులో గాలి ఖాళీలు చాలవు, వేర్లు ఊపిరాడక కుళ్లుతాయి. బెరడు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపిన మిశ్రమం వాడతారు. కేవలం స్ఫాగ్నమ్ నాచు వాడేవాళ్లూ ఉన్నారు గానీ, దానికి నీళ్లు పోయడంలో చెయ్యి బిగపట్టాలి. బెరడు కూడా కాలక్రమంలో చివికి ముద్దవుతుంది. రెండేళ్లకోసారి, పూలు లేని సమయంలో మార్చాలి. నేలలో పెరిగే ఆర్కిడ్లు లేకపోలేదు, కానీ మీ కిటికీలో ఉన్న ఫలెనాప్సిస్‌కు ఆ మినహాయింపు వర్తించదు.

“అరటి తొక్క నీళ్లు”

తొక్కలోని పొటాషియం కొంత నీళ్లలోకి దిగుతుంది, నిజమే. దానితో పాటు చక్కెరలూ దిగి బూజునూ చిన్న ఈగలనూ పిలుస్తాయి. ఎంత పోషకం అందిందో ఎవరూ చెప్పలేరు. దుకాణంలో దొరికే నీటిలో కరిగే ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు తగ్గించి, మొక్క ఎదిగే కాలంలో వారం పది రోజులకోసారి, వేర్లు తడిసి ఉన్నప్పుడు ఇస్తే సరి. వెలుతురు లేని మొక్కకు ఏ ఎరువూ పూలు తెప్పించదు.

“రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది”

ఫలెనాప్సిస్ పత్రరంధ్రాలు రాత్రిపూట తెరుచుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్‌ను అప్పుడే తీసుకుంటుంది. నీటి ఆదా కోసం నేర్చిన ఉపాయం ఇది. చిట్టా రాసినవారు ఇక్కడిదాకా ఎక్కడో విని, మిగతాది ఊహించుకున్నట్టున్నారు. ఆక్సిజన్ వెలువడేది వెలుతురు పడినప్పుడే. చీకట్లో అది కూడా మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అయితే ఎంత స్వల్పమంటే, దానివల్ల పడకగదిలో మనకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

“పూలు రాలితే పారేయవచ్చు”

రెండు మూడు నెలలు నిలిచిన పూలు రాలడం మొక్క చావడం కాదు, ఒక విడత ముగియడం. ఆకులూ వేర్లూ గట్టిగా ఉంటే మొక్కకు ఇంకా ఏళ్ల ఆయుష్షు ఉంది. కాడ పచ్చగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపుకు పైన కోస్తే, కొన్నిసార్లు ఆ కణుపు నుంచి చిన్న కొమ్మ వచ్చి మళ్లీ పూస్తుంది. గోధుమ రంగుకు తిరిగి ఎండితే మొదలుకంటా తీసేయండి. రెండు మూడు ఆకులే మిగిలిన నీరసపు మొక్కయితే పచ్చి కాడనైనా కోసేయడం మంచిది, ఆ బలం కొత్త ఆకుకు పోతుంది.

తరవాతి చల్లటి నెలల్లో ఆకు మొదలు నుంచి ఏదో పొడుచుకొస్తుంది. అది వేరో కాడో మొదట్లో తెలియక చాలామంది కంగారుపడతారు. కొన గుండ్రంగా, నున్నగా ఉంటే వేరు. కొన కాస్త చదునై, ఒక పక్కకు చిన్న గీతలా విడిపోయి, పైకి లేస్తుంటే కాడ. తేల్చుకోలేకపోతే పది రోజులు ఆగండి. కాడే అయితే కుండీని ఇక అటూ ఇటూ తిప్పకండి, వెలుతురు దిక్కు మారితే మొగ్గలు వంకరపోతాయి.