పట్టాలు పీకీసిన దారి మీద బాబాయ్‌తో వాదన

బాబాయ్ వాల్తేరు డివిజన్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ నా ఇంగ్లండ్ ఫోటోలు చూపించడం నాదే తప్పు.

బాబాయ్: ఏట్రా ఇది, ఇంత వంతెన పెట్టుకుని దానిమీద సైకిళ్ళు తొక్కుతున్నారా? పట్టాలేవీ?

నేను: డెర్బీ నించి మాంచెస్టర్ వెళ్ళే ఈ లైను 1968లో మూసీసారు, పట్టాలు పీకీసారు. 1981 నించి నడక దారి, మాన్సల్ ట్రైల్ అంటారు, డెర్బీషైర్‌లో, పదమూడున్నర కిలోమీటర్ల పైనే ఉంటాది.

బాబాయ్: మరి డెర్బీ నించి మాంచెస్టర్ ఎలగెళ్తారు?

నేను: ఈ లైన్లో ఇప్పుడు రైలు మాట్లాక్ అనే ఊరి దాకానే, అందుకని షెఫీల్డ్ మీంచో స్టోక్ మీంచో చుట్టు తిరగాలి.

బాబాయ్: చూసావా! మన కొత్తవలస-కిరండూల్ కేకే లైన్లో వానాకాలం కొండరాళ్ళు జారి ట్రాక్ మీద పడితే రాత్రంతా లైట్లేసుకుని తీసి బండి పంపించేవోళ్ళం, ఈళ్ళేమో మంచి లైను పట్టుకెళ్ళి పార్కు చేసీసారు.

నేను: బాబాయ్, రైలు నిటారుగా ఎక్కలేదు కదా, అందుకని దారంతా ఇంచుమించు చదును, కొండల మధ్యలో కూడా వీల్‌చెయిర్ తోసుకెళ్ళిపోతారు, మన అమ్మ మోకాళ్ళతో కైలాసగిరి మెట్లెక్కలేదు గానీ అక్కడ నడిచీగలదు. సొరంగాలైతే ఒక్కోటి నాలుగొందల మీటర్లు, 2011లో నాలుగు తెరిచారు, లోపల ఎండాకాలం కూడా చలే, గోడ మీద చెయ్యేస్తే తడి, చీకటి పడితే లైట్లు ఆపీస్తారు. తమాషా ఏటంటే 1863లో ఆ వంతెన కట్టినప్పుడు లోయ పాడైపోయిందని తిట్టిపోసారంట, ఇప్పుడు దాని ముందే సెల్ఫీలు.

బాబాయ్: సెల్ఫీల సంగతి వదిలీ. మళ్ళీ రైలెయ్యాలని ఎవడూ అడగట్లేదా?

నేను: అడుగుతున్నారు, ఎప్పట్నించో. అసలు ఈ దారి ఉండబట్టే కట్ట మొత్తం ఒక్క ముక్కగా మిగిలింది, లేపోతే ఇళ్ళూ షాపులూ వచ్చీసేవి.

బాబాయ్: ఓహో, అంటే కాపలా అన్నమాట. బావుంది. రేపు నిజంగా రైలొస్తానంటే నడిచేవోళ్ళు తప్పుకుంటారా?

నేను: ...

బాబాయ్: నువ్వు తప్పుకుంటావా?

నేను: పక్కన ఇంకో దారేస్తే...

బాబాయ్: సొరంగానికి పక్కేట్రా? ఇంకో సొరంగం తవ్వుతావా? ఇలాగియ్యి ఆ పొట్లం, మొత్తం నువ్వే తినీసావు.