తిరిగి తీసుకోగలిగినంత కాలం అది బహిరంగ లైసెన్సు కాదు

తన ఆట నియమాలను ఇతర ప్రచురణకర్తలు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్సును రద్దు చేయబోయి, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట యజమాని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2023 జనవరిలో కొన్ని వారాల్లోనే వెనక్కు తగ్గింది. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి కథను ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ప్రపంచం దాన్ని ఇప్పటికీ తన విజయంగా చెప్పుకుంటోంది. అది విజయమేననడంలో సందేహం లేదు. కానీ ఆ తర్వాత ప్రమాదం దాటిపోయిందనుకొని, పాత ఓపెన్ గేమ్ లైసెన్సు కిందే నిశ్చింతగా పుస్తకాలు వేసుకోవచ్చని భావించే చిన్న ప్రచురణకర్తలు తప్పు లెక్క వేసుకుంటున్నారు. 2000 నాటి ఆ పత్రంలో ఒక్క వాక్యమూ మారలేదు. దాన్ని రద్దు చేయబోయిన సంస్థ చేతుల్లోనే అది ఇప్పటికీ ఉంది.

నేపథ్యం చాలామందికి తెలిసిందే. మూడో ఎడిషన్ వెలువడిన 2000లో, ఆట నియమాల పాఠాన్ని ఎవరైనా వాడుకొని సొంత పుస్తకాలు అచ్చువేసుకోవచ్చని విజార్డ్స్ అనుమతించింది. ఆ విధానానికి రూపమిచ్చిన ర్యాన్ డాన్సీ ఆలోచన వ్యాపారపరంగా గట్టిది: సాహసగాథలు ఎవరు రాసినా, వాటిని ఆడాలనుకున్నవారు మూల నియమగ్రంథం కోసం విజార్డ్స్ దగ్గరకే వస్తారు. 2023 జనవరి తొలి వారంలో బయటికి పొక్కిన కొత్త ముసాయిదా దీనంతటినీ తలకిందులు చేసింది. పాత లైసెన్సుకు గుర్తింపు రద్దు, ఏటా 7.5 లక్షల డాలర్లు దాటిన రాబడిపై 25 శాతం రాయల్టీ, ఇతరులు రాసినదాన్ని విజార్డ్స్ వాడుకునే హక్కు అందులోని ప్రధానాంశాలు. ఆ రాయల్టీ లాభం మీద కాదు, మొత్తం రాబడి మీద. కాగితం, అచ్చు, రవాణా, చిత్రకారుల పారితోషికం పోయాక నాలుగో వంతు మిగలడమే కష్టమైన వ్యాపారంలో దీని అర్థం ఏమిటో ప్రచురణకర్తలకు వెంటనే బోధపడింది. నిరసనల తర్వాత జనవరి 27న విజార్డ్స్ ఐదో ఎడిషన్ నియమాల పాఠాన్ని, రచనలను ఎవరైనా వాడుకునే వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ లైసెన్సు కింద విడుదల చేసి, పాత లైసెన్సు జోలికి వెళ్లబోమని చెప్పింది.

అసలు చిక్కు పాత లైసెన్సు తొమ్మిదో నిబంధనలో ఉంది. లైసెన్సుకు కొత్త రూపాలను విజార్డ్స్ గానీ, అది నియమించినవారు గానీ వెలువరించవచ్చునని, అధీకృతమైన ఏ రూపాన్నయినా వాడుకోవచ్చునని ఆ నిబంధన చెబుతుంది. మార్పు నచ్చనివారు పాత రూపాన్నే కొనసాగించుకోవచ్చని అప్పట్లో సంస్థ తన ప్రశ్నోత్తరాల పత్రంలో స్వయంగా హామీ ఇచ్చింది. కానీ ఆ హామీ ఒప్పందంలోకి ఎక్కలేదు. అనుమతి శాశ్వతమని అందులో రాశారే తప్ప, ఉపసంహరించబోమని రాయలేదు.

లైసెన్సును సవరించే అధికారం ఒకరి దగ్గర ఉండటమే తప్పని నేను అనను. వికీపీడియా చరిత్ర చూడండి. తెలుగు సహా అన్ని భాషల వికీపీడియాలు మొదట గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద ఉండేవి. దాన్ని క్రియేటివ్ కామన్స్‌కు మార్చాలంటే, లెక్కకు మించిన రచయితలందరి సమ్మతినీ విడివిడిగా తీసుకోవడం అసాధ్యం. 2008లో, గ్నూ లైసెన్సును రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాని కొత్త రూపంలో అందుకు వీలు కల్పించింది, 2009లో వికీపీడియా సముదాయం ఓటు వేసి మార్పును ఆమోదించింది. అక్కడ సవరించే అధికారం ఆ వ్యాసాలతో వ్యాపారం చేయని సంస్థ దగ్గర ఉంది కాబట్టే అది రచయితలకు మేలు చేసింది. ఓపెన్ గేమ్ లైసెన్సులో అదే అధికారం సాటి ప్రచురణకర్తలతో ఒకే అంగట్లో పోటీపడే సంస్థకు దక్కింది.

ఈ తేడా ఎంత లోతుగా తగులుతుందో పదిహేనో నిబంధన చూస్తే తెలుస్తుంది. ఎవరి పాఠం వాడుకున్నారో వారందరి కాపీరైట్ ప్రకటనలనూ ప్రతి పుస్తకమూ మోయాలి. ఒకరి నియమాలపై మరొకరు, వారు ఆటకోసం సృష్టించిన రాక్షస పాత్రలపై ఇంకొకరు కట్టుకుంటూ వచ్చిన పుస్తకాలలో ఏ ఒక్కరూ ఒంటరిగా వేరే లైసెన్సుకు మారలేరు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో సంబంధం లేని ఆటలకూ ఈ చిక్కు తప్పదు. మాంగూస్ అనే ప్రచురణ సంస్థ తన అంతరిక్ష ఆట ట్రావెలర్ నియమాలను 2008లో సౌలభ్యం కోసం ఇదే లైసెన్సు కింద పెట్టింది. వాటిమీద ఆధారపడి రాసినవారు విజార్డ్స్ నుంచి ఏమీ తీసుకోకపోయినా, ఆ సంస్థ నిర్ణయం వారి జీవనోపాధిని తాకగలిగే స్థితి వచ్చింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపరిచేది ఇదే.

ఆస్తి విజార్డ్స్‌ది కాబట్టి షరతులు మార్చుకునే హక్కు దానిదేనని, ద్వేషపూరిత రచనలు తన ఆట పేరుతో రాకుండా చూసుకోవాల్సిన బాధ్యతా దానికి ఉందని కొందరు వాదిస్తారు. ఆట పద్ధతికి అమెరికా చట్టంలో కాపీరైటే లేదు కనుక లైసెన్సే అనవసరమని మరికొందరు అంటారు. మొదటి వాదన కొత్తగా ఇచ్చే అనుమతులకు చెల్లుతుంది. ఇరవై ఏళ్లుగా నమ్మి పెట్టుబడి పెట్టినవారికి ఇచ్చిన మాటకు చెల్లదు. రెండోది సూత్రరీత్యా సరైనదే అయినా, పద్ధతి ఎక్కడ ముగిసి దాన్ని చెప్పిన పాఠం ఎక్కడ మొదలవుతుందో కోర్టులో తేల్చుకునే స్తోమత ఇద్దరు ముగ్గురితో నడిచే సంస్థకు ఉండదు.

కాబట్టి కొత్త పుస్తకం మొదలుపెట్టేవారు పాత లైసెన్సును వదిలేయాలి. ఐదో ఎడిషన్ ఆధారంగా రాసేవారికి క్రియేటివ్ కామన్స్ పాఠం సిద్ధంగా ఉంది. పేరు పేర్కొంటే చాలు, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే వీలు లేదు. తమ నియమాలపై ఇతరులు చేసిన మెరుగుదలలు మళ్లీ అందరికీ చేరాలనుకునేవారికి, పాత్‌ఫైండర్ అనే ఆటను ప్రచురించే పైజో సంస్థ చొరవతో 2023లోనే ఖరారైన ఓఆర్‌సీ (ఓపెన్ ఆర్‌పీజీ క్రియేటివ్) లైసెన్సు తగినది. పైజో తన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ నియమగ్రంథాలను పాత పాఠం ఛాయలు లేకుండా తిరగరాసి ఆ లైసెన్సు కిందికి తెచ్చింది. అది ఖర్చుతో కూడిన పనే, అయినా సరైన పని.

మన దగ్గర కథలు, పాఠ్యాలు, ఆటలు అందరికీ ఇవ్వాలనుకునేవారు ఇక్కడి చట్టాన్ని కూడా చూసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. 30ఏ సెక్షన్ ఈ నియమాలను లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. ‘ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు’ అని చివరి పేజీలో ఒక్క వాక్యం అచ్చువేస్తే, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారు పదేళ్ల తర్వాత దాన్ని నమ్మి పుస్తకం వేయడానికి ఆధారం సరిపోదు. కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, ఉపసంహరణ లేకుండా అని స్పష్టంగా రాసి ఉన్న లైసెన్సునే పేరుపెట్టి ఎంచుకోవాలి.