బొక్క కొట్టిన కూలి

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడమీద పోర్షన్‌లో ఆరేళ్లున్న పెద్దమనిషి పోయిన నెల ఖాళీ చేసి వెళ్లాడు. సామాన్ల బండి మలుపు తిరిగాక తాళాలు తీసుకుని పైకెళ్లి స్విచ్ వేశాను. వెలగలేదు. ఇంకో గదిలో వేశాను, అక్కడా అంతే. సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూస్తే ఒక్క హోల్డర్‌లోనూ బల్బు లేదు. ఫ్యాన్ రెగ్యులేటర్లు లేవు. బాత్రూంలో కుళాయి పీకి, పైపు మూతికి గుడ్డ కుక్కి పోయాడు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండే చోట గుండ్రంగా బొక్క, అందులోంచి శేషాచలం కొండ.

నోటికొచ్చిందంతా తిట్టాను. మా ఆవిడ కిందినుంచి "మెల్లిగా, పక్కింటోళ్లు వింటారు" అంది. ఆనక చల్లబడి నాలుగు చరిత్ర పుస్తకాలు తిరగేశాక నాకే సిగ్గేసింది. ఆయన చేసింది కక్కుర్తి కాదు, అంతర్జాతీయ సంప్రదాయం. ఐరోపా సామ్రాజ్యాలు పరాయి ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పాటించిన మర్యాదనే పాపం ఆయన బైరాగిపట్టెడలో పాటించాడు.

బల్బుల సంగతే చూడండి. 1958 సెప్టెంబర్ 28న ఫ్రాన్స్ తన ఆఫ్రికా వలసల్లో ఓటింగ్ పెట్టింది. మా నీడన ఉంటారా, పోతారా అని. పోతామన్నది గినీ ఒక్కటే. సరే పొమ్మన్నారు. పొమ్మని, ఫ్రెంచి అధికారులు ఆఫీసుల్లో టెలిఫోన్లు పీక్కున్నారు, బల్బులు విప్పుకున్నారు. నాగరికతా దీపం వెలిగించడానికి వచ్చామన్నవాళ్లు ఆ దీపాన్ని వెంట తీసుకుపోవడంలో తప్పేముంది? వాళ్ల దీపం, వాళ్లిష్టం.

అద్దెకు దిగేటప్పుడు మాత్రం అందరూ బుద్ధిమంతులే. మన దగ్గర ఇంగ్లీషువాడు దిగింది కూడా అట్లే. 1639లో చెన్నపట్నం తీరాన ఇసుక నేలను ఈస్టిండియా కంపెనీ ఏజెంటు ఫ్రాన్సిస్ డేకి రాసిచ్చింది మన కాళహస్తి దామెర్ల నాయకులు. అప్పుడది చంద్రగిరి రాయల ఏలుబడి. ఆదివారం పూట చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు సెల్ఫీలు దిగేవాళ్లం, మనం ఇంటి ఓనర్ల వారసులమని ఎవరికీ గుర్తుండదు. ఏమడిగాడా డే దొర? బట్టల వ్యాపారం చేసుకుంటాం, చిన్న కోట కట్టుకుంటాం. "మేమిద్దరమే సార్, ఒక పాప" అన్నట్టు. అద్దెకొచ్చే ప్రతివాడూ అదే అంటాడు. ఆరు నెలలకు బామ్మర్ది దిగుతాడు, ఏడాదికి వాడి పెళ్లిచూపులు మన హాల్లోనే. వీళ్లు 308 ఏళ్లున్నారు.

మధ్యలో పూజగది కూడా చూసుకున్నారు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ చేతికి పోయాక ఏడుకొండలవాడి గుడి పెత్తనమూ దొరలదే. గుడి ఎట్లా నడవాలో 1821లో బ్రూస్ కోడ్ అని నిబంధనలు రాశారు. ఖర్చులు పోను మిగిలింది కంపెనీ ఖజానాకు. 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి చేతులు కడుక్కున్నారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాల గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండ్‌లో గొడవైందట మరి. 42 ఏళ్లు మిగులు డబ్బు లెక్కపెట్టుకున్నప్పుడు తగలని మైల ఉన్నట్టుండి తగిలింది.

అయితే ఆ లెక్క రాసే చేతికి మాత్రం నేను దండం పెడతాను. 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు ఎవరి ఖాతాలో రాశారు? మన ఖాతాలో. కంపెనీ వాటాదారులకు ఏటా పదిన్నర శాతం డివిడెండ్ ఎక్కడినుంచి పోయింది? మన పన్నుల్లోంచి. 1858లో కంపెనీ దగ్గర్నుంచి రాణిగారు దేశాన్ని తీసుకున్నా ఆ డివిడెండ్ ఆగలేదు. మనల్ని చేతులు మార్చుకున్నది వాళ్లు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మనవి.

ఇది చూసి మనమేదో ఘోరంగా మోసపోయామనుకునేవాళ్లు హైతీ కథ వింటే నోరు మూసుకుంటారు. అది ఫ్రాన్స్ వలస. అక్కడ బానిసలే తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. గెలిచాం, అయిపోయింది అనుకున్నారు అమాయకులు. 1825లో ఫ్రాన్స్ రాజు యుద్ధ నౌకలు పంపాడు. ఫిరంగులు ఊరివైపు తిప్పి బిల్లు చేతిలో పెట్టారు. 15 కోట్ల ఫ్రాంకులు. దేనికంటే, మీరు స్వతంత్రులవడం వల్ల మా తోటల యజమానులకు ఆస్తి నష్టం జరిగింది కదా, దానికి. ఆ ఆస్తిలో ఈ మనుషులు కూడా ఉన్నారు. అంటే తమను తాము కొనుక్కోవాలి. రక్తమిచ్చి ఒకసారి కొన్నదాన్నే రొక్కమిచ్చి మళ్లీ.

అంత డబ్బు వాళ్ల దగ్గరెక్కడిది? అందుకూ ఫ్రాన్సే దారి చూపింది. మా బ్యాంకుల దగ్గరే అప్పు తీసుకోండి అంది. మొదటి విడతకు 3 కోట్లు అప్పు రాశారు. చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మిగతా 60 లక్షలు ముందే కోసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా వీధి చివర ఫైనాన్స్ అతను గుర్తొచ్చాడు. లక్ష రాయించుకుని ఎనభై చేతిలో పెట్టి "టెన్షన్ పడొద్దు సామీ, మెల్లిగా కట్టు" అంటాడు. హైతీవాళ్లు మెల్లిగానే కట్టారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, ఆ అప్పుల మీద అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. మనం జెండా ఎగరేసిన ఏడాది.

డచ్చివాళ్లు ఇంకో మెట్టు పైన. 1945 ఆగస్టు 17న ఇండొనేషియా స్వతంత్రం ప్రకటించుకుంటే, రెండుసార్లు సైన్యంతో దాడి చేసి దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. చివరికి 1949 డిసెంబర్‌లో దిగిపోతూ, 400 కోట్ల గిల్డర్లకు పైగా అప్పు కొత్త దేశం నెత్తిన పెట్టారు. అందులో ఆ దాడుల ఖర్చు కూడా కలిపారు. కొట్టినవాడు కర్ర ఖరీదు అడిగి తీసుకున్నాడన్నమాట.

పేర్లు పెట్టడంలోనూ ఒడుపుంది. అల్జీరియాలో 1954 నుంచి 1962 దాకా నడిచిన యుద్ధాన్ని ఫ్రాన్స్ 'శాంతిభద్రతల పని' అనే అంది. అది యుద్ధమేనని చట్టం చేసి ఒప్పుకున్నది 1999లో. పోర్చుగల్ అయితే 1951లో బోర్డే మార్చేసింది. ఇవి వలసలు కావు, సముద్రం అవతలి మా జిల్లాలు అంది. గోవాలో ఆ బోర్డు తీయించడానికి మన సైన్యానికి 36 గంటలు పట్టింది, 1961లో. పోర్చుగల్ వాళ్లు దిగి అప్పటికి 451 ఏళ్లు.

వెళ్లేవాడు ఇంటివాడికి సలహా చెప్పిపోవడం కూడా మర్యాదలో భాగమే. 1960 జూన్ 30న కాంగో స్వతంత్ర సభలో బెల్జియం రాజు బొదువాఁ లేచి, ఆ నేలను సొంత ఆస్తిలా పిండుకున్న పాత రాజు లియోపోల్డ్ మేధను పొగిడి, ఇక మీరు జాగ్రత్తగా ఉండండని చెప్పాడు. కాంగో కొత్త ప్రధాని లుముంబా పేరు వక్తల్లో లేదు. అయినా లేచి, మేం పడ్డ దెబ్బల మాటేమిటని అడిగాడు. ఏడు నెలలు తిరక్కుండానే ఆయన్ను చంపేశారు. శవం కూడా మిగలకుండా చేశారు. 2022లో బెల్జియం ఆయన కుటుంబానికి ఆయన నోటి పన్ను ఒకటి తిరిగి ఇచ్చింది. ఒక్క పన్ను, చిన్న డబ్బాలో పెట్టి. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ముందుకు పోతాను.

ఇవన్నీ చూసి 1960 డిసెంబర్ 14న ఐక్యరాజ్యసమితి, వలస పాలనకు ముగింపు పలకాలని తీర్మానం చేసింది. అనుకూలంగా 89, వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. తొమ్మిది దేశాలు మాత్రం చెయ్యెత్తలేదు. అందులో బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్, బెల్జియం ఉన్నాయి. మా పక్క అపార్ట్‌మెంట్ మీటింగులో మెయింటెనెన్స్ బకాయిల మాటెత్తగానే కొందరు ఫ్యాన్ వైపు చూస్తారు, అట్లాగన్నమాట. అదే బ్రిటన్ 2013లో, కెన్యాలో తన పాలన కింద చిత్రహింసలు పడ్డ 5,228 మందికి పరిహారం ఇస్తూ, చింతిస్తున్నాం అంది, చట్టపరమైన బాధ్యత మాత్రం మాది కాదంది. 

ఇంతలో నిన్న మధ్యాహ్నం మా పెద్దమనిషి ఫోన్ చేశాడు. అడ్వాన్స్ మొత్తం ఇచ్చేశాను కదా, ఇంకేమని అడిగాను.

"అది కాదు సార్. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కని బొక్క కొట్టించినాను గదా. మేస్త్రి కూలి ఆరు నూర్లు నేనే ఇచ్చినా. ఫ్యాన్ నాది, తెచ్చుకున్నా. బొక్క మీ ఇంట్లోనే ఉండాది గదా సార్."

పోయిన నెలైతే అరిచేవాణ్నే. ఇప్పుడు చదువుకున్నవాణ్ని. రెండు విడతల్లో ఇస్తానని చెప్పి, మొదటి మూడు వందలు అక్కడికక్కడే పంపాను. తర్వాత ఆ బొక్క ఎంతుందో కొలుద్దామని టేపు పట్టుకుని పైకెళ్లాను. బొక్క అంచున ఒక పావురం కూర్చుని గది నలుమూలలా నిదానంగా చూస్తోంది. నోట్లో ఒకటే పుల్ల. చిన్న గూడే కాబోలు.