కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని దయచేసి లేపి కూర్చోబెట్టకండి

ఎవరైనా కళ్లు తిరిగి పడిపోగానే మనవాళ్లు చేసే మొదటి పని, చంకల్లో చేతులేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం. రెండోది నోట్లో నీళ్లు పోయడం. రెండూ తప్పే. పెళ్లి మండపంలో, బస్టాండులో, గుడి క్యూలైన్లో ఎక్కడ చూసినా ఇదే. చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. ఎందుకంటే ఆ చేసేవాళ్లు మంచి మనసుతోనే చేస్తారు.

అసలు మనిషి ఎందుకు పడిపోయాడు? నిలబడగానే మన ఒంట్లో అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగంగా కొట్టుకుని దాన్ని సర్దుతాయి. కదలకుండా చాలాసేపు నిలబడినా, ఉక్కపోతలో ఉన్నా, రక్తం చూసినా, సూది పొడిచినా కొందరిలో ఇది తలకిందులవుతుంది. గుండె నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది, మెదడుకి కొన్ని సెకన్లు రక్తం చాలదు. డాక్టర్లు వేసోవేగల్ సింకోపీ అనేది దీన్నే. నేల మీద పడ్డాక తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి కాబట్టి రక్తం మళ్లీ అందుతుంది, చాలామందికి నిమిషంలోపే తెలివి వస్తుంది. సరిగ్గా అప్పుడే మనం లేపి కూర్చోబెడితే మళ్లీ పడిపోతారు.

కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టండి. దెబ్బలేమీ తగలకపోతే కాళ్లు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. నిండు గర్భిణిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మెడ దగ్గర, నడుం దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి. ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగినవాళ్లని గట్టిగా కసిరి పంపండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు, సోడా, షుగర్ పేషెంటని చక్కెర, ఏదీ వేయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెలివొచ్చాక కూడా కాసేపు అలాగే పడుకోనిచ్చి, తర్వాత మెల్లగా లేపండి.

ఇంకొకటి, తాళంచెవుల గుత్తి. సొమ్మసిల్లినప్పుడు కూడా కొందరికి కాళ్లూ చేతులూ కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి, అది ఫిట్సే కానక్కర్లేదు. నిజంగా ఫిట్సే అయినా చేతిలో ఇనుము పెడితే ఆగదు. పక్కకి తిప్పి, తలకి దెబ్బ తగలకుండా చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

నిమిషం దాటినా తెలివి రాకపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, పరిగెడుతూనో ఆడుతూనో పడిపోయినా, తలకి దెబ్బ తగిలినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా 108కే చేయండి. స్పృహ లేకుండా ఉండి ఊపిరి కూడా సరిగా ఆడకపోతే అది సొమ్మసిల్లడం కాదు. వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం మొదలుపెట్టాలి.

నాకు ఒళ్లు మండే సంగతి మరొకటుంది. కొత్తగా పెళ్లైన అమ్మాయి పడిపోతే "విశేషమా?" అని నవ్వులు. పెళ్లికాని అమ్మాయైతే గుసగుసలు. పెద్దాయనైతే "వయసు అంతే" అని వదిలేయడం. ఆ పెద్దాయన వేసుకునే బీపీ మాత్ర డోసు ఎక్కువై ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు. ఒక్కసారి ఈసీజీ తీయిస్తే ఏం పోతుంది? అమ్మాయికి రక్తం తక్కువుందేమో ఎవరైనా చూపించారా?

పడబోయే ముందు చాలామందికి తెలుస్తుంది. చెమటలు పడతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి, చెవుల్లో గింగురుమంటుంది, కడుపులో తిప్పుతుంది. అప్పుడు సిగ్గుపడకుండా ఉన్నచోటే నేల మీద పడుకోవాలి. కుదరకపోతే కాళ్లు పెనవేసి తొడలు, పిరుదులు బిగించినా బీపీ కొంత నిలబడుతుంది. స్కూల్ ప్రేయర్లో పిల్లాడు "కళ్లు తిరుగుతున్నాయి సార్" అంటే నటన అనుకుని నిలబెట్టే మాస్టార్లకి నా విన్నపం ఒక్కటే. వెంటనే వాణ్ని నీడలో పడుకోబెట్టండి, నిజమా కాదా అన్నది తర్వాత అడగొచ్చు.