కిందూరికి సారె

గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది? పండక్కి అల్లుడొస్తే విస్తట్లో ఖాళీ కనపడనివ్వం. ఆషాఢంలో సారె పంపితే వ్యాన్ చాలదు, లారీ కావాలి. కానీ మా మున్సిపాలిటీ కాలువ దిగువనున్న ఊరికి ఆదివారం కూడా మానకుండా పంపే సారె గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

ముందు తూకం. యాభై వేల మంది ఉన్న ఊరనుకోండి. డ్రైనేజీ పైపులున్న పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ లెక్క. అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజనీర్లు వేసుకుంటారు. అంటే రోజుకి 54 లక్షల లీటర్లు. కుళాయిలో అన్ని నీళ్లు వస్తున్నాయా అని అడక్కండి. ఇచ్చే దగ్గర లోటున్నా పంపే దగ్గర లోటు రానివ్వకపోవడమే మర్యాదంటే.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నించీ డెల్టాలో కాలువలదే భోగం. మెరకన సాగునీటి కాలువ, పల్లంలో మురుగు కోడు, రెండూ కలవకూడదని పద్ధతి. నీళ్లలో ఈ అంటూ ముట్టూ ఏమిటని మా వాళ్లకి బాధేసింది. మార్కెట్ వెనక ఒక తూము పెట్టి రెంటినీ కలిపేశారు. శంకరాచార్యుల వారు చూసుంటే మురిసిపోయేవారు. ఆ తూము దగ్గర కాసేపు నిలబడండి. బూడిదరంగు నురగ, షాంపూ ప్యాకెట్లు, కొత్తిమీర కాడలు, దేవుడి పటం తాలూకు ఫ్రేమొకటి, అన్నీ గుర్రపుడెక్కకి చుట్టుకుని ఊరేగింపుగా వెళ్తుంటాయి. పాతికడుగుల దిగువన రేవులో ఒకావిడ చింతపండుతో ఇత్తడి బిందె తోముతూ ఉంటుంది. బిందె మాత్రం తళతళలాడుతోంది.

వేసవిలో రిపేర్లకని కాలువలు కట్టేస్తారు. గోదావరి నీరు ఆగిపోయినా మా తూము ఆగదు. డెల్టాలో ఆ రెండు నెలలూ మిగిలే ఏకైక జీవనది అదే. జూన్‌లో నీరు వదలగానే, అంతవరకూ నిలవున్నదంతా మొదటి తోపులో కిందూరి మంచినీళ్ల చెరువు వైపు వెళ్తుంది. మేమేదో ఒక్కళ్లమే దాతలమని కాదు. పైఊరు మాకూ అంతే ఆప్యాయంగా పంపుతుంది.

శుద్ధి ప్లాంటు లేదనుకునేరు. ఉంది. రిబ్బన్ కూడా కట్ చేశారు. దాని పని చాలా సింపుల్: తొట్టిలోకి గాలి ఊదితే సూక్ష్మజీవులు మురుగుని తిని బతుకుతాయి. గాలి ఆగితే అవీ చస్తాయి. గాలి ఊదాలంటే కరెంటు, కరెంటంటే బిల్లు. మా తొట్టిలో ప్రస్తుతం కప్పలున్నాయి, బ్లోయర్ గది ముందు వడియాలు ఎండుతున్నాయి.

"ఏవండీ, మోటార్లు తిప్పరా?" అన్నాను వాచ్‌మన్‌తో.

"ఆయ్, ఎందుకు తిప్పమండీ! తనిఖీ వాళ్లొస్తున్నారంటే ముందురోజే తిప్పేస్తావండి."

తనిఖీ వాళ్లని తప్పుబట్టను. వాళ్లదీ అతిథి మర్యాదే, చెప్పకుండా ఊడిపడరు.

2027లో మళ్లీ పుష్కరాలు. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ, అంటే అందులోని మురుగుని తినడానికి సూక్ష్మజీవులకి కావలసిన ఆక్సిజన్, లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. శుద్ధి చెయ్యని మురుగులో మామూలుగా అది వందల్లో ఉంటుంది. అందుకే మా దగ్గర ఘాట్లకి రంగులు వేసే టెండర్ ముందుగా పిలుస్తారని నా అంచనా. రంగు కనపడుతుంది, బీఓడీ కనపడదు.

మొన్న జూన్‌లో కిందూరి నుంచి మా వదినగారు ఫోన్ చేశారు.

"కుళాయిలో నల్లగా వస్తున్నాయి తమ్ముడూ, మీ దగ్గర లాకులెత్తారా?"

"నిన్న సాయంత్రమే ఎత్తారు వదినా."

"అదీ సంగతి. పోన్లే, మా ఇంట్లో తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులే తెప్పిస్తున్నాం. నువ్వూ అంతేనా?"

అంతేనన్నాను. టిన్నులు నింపే బోరు ఎక్కడుందని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. తూముకి అవతలి గట్టునే ఉంది.