బీరువా పై అరలోని చార్టు గారికి ఒక పంతులు విన్నపం

శ్రీయుత లామినేషన్ అక్షరమాల చార్టు గారికి,
ఇనుప బీరువా, పై అర, ఎడమ పక్క.

విషయం: తమరు ఒక్కసారి కిందికి దిగి రావలసిందిగా కోరుట గురించి.
సూచిక: స్టాకు రిజిస్టరు. పేజీ నంబరు ఎలుకలు కొట్టేశాయి.

ఆర్యా,

పై విషయం దృష్ట్యా తమరికి మనవి చేసుకునేది ఏమనగా, మా ప్రాథమిక పాఠశాలకు విచ్చేసిన నాటి నుంచి తమరు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు. మూలలు మడత పడలేదు. గోటి గీత లేదు. మధ్యాహ్న భోజనం సాంబారు మరక ఒక్కటైనా అంటలేదు. మా ఇతర ఆస్తుల్లో ఇంత భద్రంగా ఉన్నది ఇంకొకటి లేదు. కిటికీ రెక్కలు ఊడాయి, నీళ్ల ట్యాంకు కారుతోంది, నాకు చత్వారం వచ్చింది.

తమరు బయటికి వచ్చే ముహూర్తం ఒకటే. పై నుంచి ఎవరో వస్తున్నారని ఫోను రావాలి. అప్పుడు పెళ్లిచూపులకు కూతురిని తయారుచేసినట్టు తమరి దుమ్ము దులిపి, గోడకు మేకు కొట్టి, ఉతికిన చొక్కా వేసుకున్న పిల్లాణ్ణి పక్కన నిలబెడతాం. వాడి చేతికి పుల్ల ఇచ్చి "ఋషిని చూపించరా" అంటాం. వాడు పుల్లతో ఋషిని చూపిస్తూ, కళ్లతో ఫోను కెమెరాను చూస్తాడు. ఫొటో మండల గ్రూపులోకి వెళ్తుంది. వరసగా చప్పట్ల బొమ్మలు. సాయంత్రానికి తమరు మళ్లీ పై అరలోకి, తాళం మళ్లీ హెడ్మాస్టరు గారి జేబులోకి.

ఇక తమరి లోపలి ప్రపంచం గురించి. 'ఇ'కి ఇల్లు ఉంది, సంతోషం. ఆ ఇంటికి పొగగొట్టం ఉంది, వెనక మంచుకొండ ఉంది. మా పిల్లల ఇళ్ల మీద ఉన్నవి రేకులు, స్లాబులు, డిష్ గొడుగులు. 'ఆ'కి ఆవు ఉంది. తెలుపు మీద నల్ల మచ్చలు, మెడలో గంట, చుట్టూ మోకాలెత్తు పచ్చగడ్డి. మే నెలలో మా ఊరి చెరువు కింద మేసే ఆవుకు ఈ బొమ్మ చూపిస్తే చుట్టరికం కలుపుకోదు. 'ఓ'కి ఓడ. మాకు సముద్రం లేదు, అయినా పోనిద్దాం, పిల్లలకు లేనిది కూడా తెలియాలి. కానీ ఉన్నది ఒక్కటైనా ఉండాలి కదండీ.

తమరి వంశ చరిత్ర నాకు తెలియనిది కాదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అన్నారు. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాటితోపాటు నల్లబల్ల, పటాలు, చార్టులు, ఆట వస్తువులు. మంచి ఆలోచనే. అయితే వచ్చిన సామానంతా స్టాకు రిజిస్టరులోకి ఎక్కింది. రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు పగిలితే ఎవరి జీతంలో కోస్తారో అన్న భయం కూడా దానితోపాటే ఎక్కింది. బదిలీ అయితే చార్జి అప్పగించాలి, లెక్క తేలాలి. పిల్లలు ముట్టుకుంటే లెక్క తేలదు. కాబట్టి తాళం. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో టీచరుకు ఏడాదికి 500 రూపాయలు సామగ్రి కోసం ఇచ్చేవారు. దానితో మేం అట్టలు, స్కెచ్ పెన్నులు, జిగురు కొన్నాం, బిల్లులు అతికించాం. 2021లో నిపుణ్ భారత్, 2022లో మన తెలంగాణలో తొలిమెట్టు. మూడో తరగతి దాటేలోపు పిల్లలు అర్థం చేసుకుని చదవాలన్నారు. ఎవరు కాదంటారు? దానికీ ముందుగా తమరే ఫొటోలో నిలబడ్డారు.

తమరు పైన విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు కింద ఏం జరుగుతోందో చెప్పాలి. చాడీలనుకోవద్దు.

మొన్న రెండో తరగతి పిల్ల నల్లబల్ల మీద ఆవును గీసింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "అది ఆవు కాదు సార్, బర్రె. కొమ్ములు సూడుండ్రి, ఎనక్కి తిరిగినయ్" అన్నాడు. గీసినామె ఒప్పుకోలేదు. తరగతి రెండు పార్టీలైంది. ఒకామె లేచి బర్రె కొమ్ము ఎలా ఉంటుందో చెయ్యి వంచి చూపించింది. ఇంకొకడు గంగడోలు ఏదని అడిగాడు. ఆ రోజు నా పాఠ్య ప్రణాళికలో ఉన్నది అచ్చులు. నేర్చుకున్నది మాత్రం 'బర్రె', 'కొమ్ము', 'గంగడోలు'. వత్తుల పాఠం ఇంకా రెండు నెలల దూరంలో ఉంది, అది తనంతట తానే నడిచొచ్చింది. గంట కొట్టారు, బొమ్మ తుడిచేశాం. ఫొటో లేదు. కనుక ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆ పూట మా బడిలో బోధన జరగలేదు.

ప్రార్థనలో రోజూ పేపరు చూసి వార్తలు చదివిస్తాం కదా. జాతీయం, అంతర్జాతీయం, క్రీడలు. వాటి చివర 'ఊరి వార్తలు' అని ఒకటి కలిపాను. దీన్ని పిల్లలే రాయాలి, నేను రాసిపెట్టను. "రాజన్న తాత బోరుల నీళ్లు బందైనయ్." "మా అక్కకు పిల్ల పుట్టింది, బరువు తక్కువ ఉంది." "బడి ముందట లైటు వెలుగుతలేదు." పదాలు తప్పులు పోయినా ఒక్క వాక్యం గైడులోంచి ఎత్తినది లేదు. చదవడానికి తడబడేవాడు కూడా తన వార్త వచ్చేసరికి గొంతు పెంచుతాడు. మూడో రోజే ఊళ్లోంచి కబురు వచ్చింది: చిన్నపిల్లలకు రాజకీయాలెందుకు సార్ అని. లైటు రాజకీయమని నాకప్పటిదాకా తెలియదు. తమరిలాగా ఒక మంచుకొండ వార్త చదివించి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇక టీఎల్ఎం మేళాల సంగతి, అంటే టీచర్లు చేసిన బోధన సామగ్రి ప్రదర్శనలు. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసి సైన్సు నేర్పే అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో రేఖాగణితం నేర్పే విద్య ఒకటి దేశానికి ఇచ్చారు. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం, ఎంత నొక్కినా కదలదు. నాలుగు కలిపితే చతురస్రం, ముట్టుకుంటేనే వాలిపోతుంది. కరెంటు టవర్లకు అడ్డకమ్ములు ఎందుకో పిల్లలకు నేను చెప్పనక్కరలేకుండా పోతుంది. అలాంటిదే టేబులు మీద పెట్టుకుని ఒక టీఎల్ఎం మేళాలో కూర్చున్నాను. చూడటానికి వచ్చినాయన "ఇందులో మీరు చేసిందేముంది మాస్టారూ, కొంచెం పెద్దగా కనబడేది పెట్టాల్సింది" అన్నారు. పక్క టేబులు మీద థర్మకోల్ చార్మినార్, లోపల రంగుల బల్బులతో సహా, ప్రథమ బహుమతి అందుకుంది. దాన్ని చేసింది ఆ టీచరు గారి బావమరిదట, చాలా బాగా చేశాడు.

అలాగని మేళాల మీద నాకు పగ లేదు. గుణింతపు చక్రం అక్కడే నేర్చుకున్నాను. రెండు అట్ట బిళ్లలు, మధ్యలో ఒక మేకు. లోపలి బిళ్ల మీద క, గ, మ, స, బయటి బిళ్ల మీద దీర్ఘాలూ కొమ్ములూ. తిప్పిన కొద్దీ అక్షరాలు పుడతాయి, 'కో' పడితే కోడిలా కూయాలి. మా పిల్లల చేతిలో అది వారం తిరక్కుండానే చిరిగింది. చిరిగిందంటే తిప్పారన్నమాట. ఇంకొకటి చేసి ఇచ్చాను, పెళ్లిపత్రిక అట్టతో. స్టాకు రిజిస్టరులో రాయలేదు. దయచేసి ఆడిటుకు చెప్పకండి.

అసలు ఈ ఉత్తరానికి కారణం ఇంకొకటి ఉంది. నాలుగో తరగతి పిల్ల వాళ్ల నానమ్మను బడికి తీసుకొచ్చింది. ఆమె నాట్లు వేసేటప్పుడు పాడే పాట వినిపిస్తానంది. రికార్డు చేసి పెట్టుకుంటే పిల్లలతో రాయించొచ్చు, బొమ్మలు వేయించొచ్చు, సంవత్సరమంతా సరిపోతుంది. ఆమె గొంతు సవరించుకుంది, నేను బటన్ నొక్కాను. మెమరీ నిండిపోయిందని వచ్చింది. తెరిచి చూద్దును కదా, తమరే. తమరి ఎడమ భాగం, కుడి భాగం, తమరితో పిల్లాడు, తమరితో నేను, తేదీతో, అక్షాంశ రేఖాంశాలతో. నేను తమరిని చెరుపుతూ కూర్చునేసరికి ఆమెకు కూలికి వేళైంది, లేచి వెళ్లిపోయింది.

కావున తమరిని కోరేది ఏమనగా, తమరి వెనక పక్క మొత్తం తెల్లగా ఖాళీగా ఉంది. లామినేషన్ మీద మార్కరుతో రాసి గుడ్డతో తుడవచ్చునని పరీక్షించి చూశాను, పోతుంది. పిల్లల ఊరి వార్తలకు, రేపు ఆమె మళ్లీ వస్తే ఆ పాటకు, ఒక గోడ కావాలి. తమరు బీరువా దిగి, ముఖం గోడకు పెట్టి, వీపు మాకు ఇవ్వవలసిందిగా ప్రార్థన. ఎవరైనా వస్తున్నారని ఫోను వస్తే తిప్పేస్తాం. ఒక్క నిమిషం పని.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు).

జతపరచినవి:
1. బీరువా తాళం చెవి కోసం హెడ్మాస్టరు గారికి పెట్టుకున్న అర్జీ నకలు.
2. పిల్లల హామీపత్రం: "చార్టును చింపము. చింపితే అతికిస్తము. వెనక ఉన్న ఋషికి కూడా వార్తలు చదివి చెప్తము." కింద సంతకాలు, సంతకం రానివాళ్లవి చాక్‌పీసు పొడి వేలిముద్రలు.